దీపం మీద బొట్టు

నాది నెల్లిమర్ల. ఈత రాదు, నీళ్లంటే చచ్చేంత భయం. అలాంటి నేను వేటపడవల్లో బిగించే ఆపద పెట్టెకు మీట ఎక్కడుండాలో, దీపం ఎక్కడుండాలో ఏసీ గదిలో కూర్చుని గీశాను. పడవ ఆపదలో పడితే మీట నొక్కాలి, ఒడ్డుకు కబురు వెళ్లాలి. దాన్ని ఎలా వాడుతున్నారో ఒక్కసారైనా చూడాలనిపించి మొన్న కళింగపట్నం బయలుదేరాను.

శ్రీకాకుళం కాంప్లెక్సులో పొద్దున్నే ఐదున్నరకు బస్సెక్కితే ఆరున్నరకల్లా దించేశాడు. టికెట్టు యాభై లోపే. ఫోనులో మాట్లాడి ఉంచిన ఎర్రయ్య మావ తన పడవ దగ్గరే ఉన్నాడు. గంగమ్మకు దండం పెట్టి, రోజూలాగే ఇంజనుకు బొట్టు పెట్టి, నా పెట్టెకూ ఒకటి పెట్టాడు. నేను పొంగిపోయి ఫోటో తీసుకుని, భయపడుతూనే పడవెక్కాను.

ఎనిమిదింటికి వంశధార మొగ దగ్గర ఇంజను ఆగిపోయింది. నది సముద్రంలో కలిసే ఆ చోట కెరటాలు విరుగుతుంటాయి. వాటికి అడ్డంగా తిరిగితే పడవ బోల్తానే. మేము అటే కొట్టుకుపోతున్నాం. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మావ మీట ఒక్కసారి నొక్కేసి ఇంజను దగ్గరికి వెళ్లిపోయాడు. కబురు వెళ్లిందా అని అడిగాను.

“ఎర్రదీపం ఎలుగుతన్నాది, సూడు. ఎల్లిపోనాది. బయపడకు బావూ.”

పావుగంట గడిచినా ఎవరూ రాలేదు. కెరటాల హోరు దగ్గరవుతోంది. పడవ అంచు పట్టుకుని పాకుతూ వెళ్లి, తువ్వాలుతో దీపాన్ని తుడిచాను. ఎరుపంతా తువ్వాలుకు అంటుకుంది. లోపల దీపం వెలగనే లేదు. పొరపాటున తగిలితే కబురు వెళ్లకూడదని, మీట మూడు సెకన్లు నొక్కి పట్టాలని పెట్టింది నేనే. వెళ్తే ఎర్రదీపం వెలగాలన్నదీ నేనే. తడి వేలు రెండుసార్లు జారింది. మూడోసారి దీపం వెలిగింది. ఇంకో పడవ వచ్చి తాడు విసిరేసరికి తుంపర మా ముఖాల మీద పడుతోంది.

ఒడ్డుకు చేరాం. తప్పు నాదేనని, ఇకమీదట దీపం మీద బొట్టు పెట్టొద్దని మావకు చెప్పాను. ఆయన పడవలోని పెట్టెను వేలితో తడిమి చూశాడు.

“మరి బొట్టెక్కడెట్టమంటావు?”

ఆ ప్రశ్న నేను గీసేటప్పుడు నాకు తట్టలేదు, ఎవరినీ అడగనూ లేదు. ఆ రోజు పడవలో పట్టుకున్న భయం ఇంకా పోలేదు. మీరు పడవెక్కితే, ఒడ్డు వదలకముందే ఆ దీపాన్ని తుడిచి చూడండి. కొత్త పెట్టె గీయడం మొదలుపెట్టాను. ముందు బొట్టుకు చోటు గీశాను, తరువాతే దీపానికి.