పరకాల బస్సులో జెండా

పోయిన ఆగస్టులో హనుమకొండలో పరకాల బస్సెక్కాను. రద్దీ అంటే ఏమిటో మా కాకినాడలో నాకు ఎవరూ సరిగా చెప్పలేదని అప్పుడు తెలిసింది. నా పక్కన నిలబడ్డ పెద్దాయన పైకడ్డీ పట్టుకోలేదు. చక్రం పైకి కనిపించేలా మడిచిన జాతీయ జెండాను రెండు అరచేతుల మీద మోస్తున్నాడు. సీటిస్తామన్నా కూర్చోలేదు.

“సంచిలో పెట్టుకోండి, పడిపోతారు,” అన్నాను. చదువుకున్నవాణ్ణి కదా, సలహాలకు లోటుండదు.

“జెండను సంచిల కుక్కుతరా బిడ్డా? రేపు మా ఊరి బడిల ఎగరాలె. కింద పడితే నా మొకం ఎవలకు సూపెట్టాలె?”

సీట్లోంచి ఒకావిడ నన్ను చూసింది. “ఓ పిలగా, సలహాలు సాలు గని, జర ఆయన నడుం పట్టుకో!”

పట్టుకున్నాను. అలా పట్టుకునే ఉండి, ఆయన నోట జెండా చరిత్ర విన్నాను.

“ముందుగాల జెండ నడుమ రాట్నం ఉండె. తర్వాత ఇరవై నాలుగు ఆకుల చక్రం పెట్టిండ్రు. నేను నేతోన్ని బిడ్డా, నాకు ఇప్పటికీ అండ్ల రాట్నమే కనబడతది.”

అప్పుడే డ్రైవరు బ్రేకు వేశాడు. నేను మోకాళ్ల మీద పడ్డాను, ఆయన నా మీద పడ్డాడు. జెండా ఉన్న ఆయన చేతులు మాత్రం పైకే ఉన్నాయి. బస్సంతా ముందు జెండాను చూసింది, తర్వాత ఆయన్ను చూసింది. నా వంతు రాలేదు.

పరకాలలో దిగుతూ, “ఇద్దరం కలిసి తెచ్చినం,” అన్నాడాయన.

నాలుగు రోజులు కుంటుతూ నడిచాను. ఎందుకని అడిగినవాళ్లకు బస్సులో పడ్డానని చెప్పలేదు, జెండా మోశానని చెప్పాను.