చెవికానించిన స్క్రూడ్రైవర్

ఈ ఉదయం మా కొట్టు పక్క పిండిమరలోంచి కాలిన బెల్టు వాసన వచ్చింది. నా ముక్కు నన్ను చెయ్యి పట్టుకుని రాయదుర్గం గుట్టల దాకా లాక్కుపోయింది. అంత బలమైన ముక్కు నాది.

పందొమ్మిది వందల అరవైల చివర్లో అక్కడ ఒక కంకర మిషనుకు నేను సూపర్‌వైజర్ని. కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాణ్ని. బండలు తప్ప పలకరించేవాళ్లు లేరు, అవీ నాతో ముభావంగానే ఉండేవి. సాయంత్రం కూలీలు వెళ్లిపోయాక నా నీడ కూడా వాళ్ల వెనకే పోదామని చూసేది. ఇంజను సామాన్లు మాకు యాదగిరి గారు ఇచ్చేవారు. లింగంపల్లి స్టేషను దగ్గర ఆయన దుకాణం. అమ్మి ఊరుకునే మనిషి కాదు. సైకిలు మీద వచ్చి, స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకూ పిడి తన చెవికీ ఆనించి, కళ్లు మూసుకుని వినేవారు. ధన్వంతరి కూడా అంతసేపు నాడి చూసి ఉండడు. ఆయన రాక కోసం నేను లేని చప్పుళ్లు పుట్టించి కబురంపేవాణ్ని. ఒకసారి, "లోపల పులి గుర్రుపెడుతోందండీ" అన్నాను. ఆయన ఇంజనంతా విని, స్క్రూడ్రైవర్ మొన మెల్లగా నా చొక్కా గుండీ మీద పెట్టారు.

"చప్పుడు గీడ ఉంది తమ్మీ. ఇంజనుకేం గాలె. జర చాయ్ పెట్టు."

తరవాత మా యజమాని చవకని బొంబాయి నుంచి కొత్త ఇంజను తెప్పించారు. యాదగిరి గారిని పిలవడానికి సాకు పోయింది. తొలి వానలకే ఇంజను ఆగింది. అమ్మినవాళ్లకు ఉత్తరం రాస్తే, ఇంజన్ని రైల్లో పంపమని జవాబు. ఏనుగును కవర్లో పెట్టి పోస్టు చెయ్యమన్నట్టు! నెలాఖరుకు తిరక్కపోతే మిషను మూసేస్తానన్నారు యజమాని. నా కూడూ గూడూ అదే. కూలీలు వేరే పని వెతుక్కున్నారు. యాదగిరి గారికి కబురంపడానికి నాకు మొహం చెల్లలేదు.

ఒక మధ్యాహ్నం ఆయనే తడుస్తూ వచ్చారు. "కంకర లారీలు మా దుకాణం ముంగట పోతలేవు. ఏందో అని వచ్చిన."

"ఇది మీ దగ్గర కొన్నది కాదండీ" అన్నాను, బండల వైపు చూస్తూ.

"ఇంజను కొనలే. నువ్వైతే నా దగ్గరోనివే గద!"

ఇంజను విప్పి, లోపల విరిగిన ముక్కను పట్టుకెళ్లి, తెలిసిన లేత్ షాపులో అలాంటిదే చేయించి తెచ్చి బిగించారు. ఇంజను దగ్గింది, తుమ్మింది, గోలకొండ బురుజులు ఉలిక్కిపడేలా అరిచింది. ఏ కచేరీలోనూ అంత కమ్మని గొంతు నేను వినలేదు.

ఆయన ఇప్పుడు లేరు. ఆయన స్క్రూడ్రైవర్ నా దగ్గరుంది, ఆయనలాగే నాకూ ఇప్పుడో ఇంజను సామాన్ల కొట్టుంది. నార్సింగి రైసు మిల్లులో ఒంటరిగా ఉండే గుమస్తా ఈవేళ మళ్లీ కబురంపాడు, మోటారు మూలుగుతోందట. మొన్ననే చూసి వచ్చాను, నిక్షేపంగా ఉంది.

సైకిలు తీశాను. దారిలో చాయ్‌పత్తా కొనాలి.