నాగలమడికలో చివరి అక్షరం

1996. కర్ణాటకలో ఉన్నా తెలుగు మాట్లాడే పావగడలో కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులు విప్పి వెళ్లే రోజులు. వేరుశనగ విత్తనాలు పంచే ఒక రైతుల సంఘంలో నేను ప్రోగ్రామర్‌ని. తాలూకా మొత్తానికీ నేనొక్కణ్నే అని చెప్పుకునేవాణ్ని. నిజానికి ఇంకో ఇద్దరుండేవారు. వాళ్లకు ఆ పని నాకన్నా బాగా వచ్చు.

గుమాస్తా రత్నమ్మ ఫైళ్ల పాస్‌వర్డ్‌లన్నీ క్యాలెండర్ వెనక రాసిపెట్టేది. అది చూసి, వాటిని దాచే సాఫ్ట్‌వేర్ ఒకటి తయారుచేశాను. లోపల పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్షన్‌లో, అంటే ఎవరికీ అర్థం కాకుండా తారుమారై ఉంటాయి. తెర మీద "మీరు పుట్టిన ఊరు?" అని ప్రశ్న. జవాబు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. పక్కవాళ్లు చూడకుండా అక్షరాల బదులు చుక్కలు పడతాయి. మూడుసార్లు తప్పితే ఇక తెరుచుకోదు.

రెండేళ్ల కరువు తర్వాత ఆ ఏడు వాన పడింది. మర్నాడే విత్తనాల పంపకం. రైతుల జాబితా ఫైలుకు పాస్‌వర్డ్ కావాలి. రత్నమ్మ తన ఊరు నాగలమడిక అని కొట్టింది. తప్పంది. మళ్లీ కొట్టింది. మళ్లీ తప్పే. జాబితా నకలు తుమకూరులో ఉంది. తెప్పించాలంటే రెండు రోజులు.

"ఊరి పేరు కూడా రాదా?" అని సంఘం అధ్యక్షుడు అందరి ముందూ కసిరాడు.

"నేను పుట్టిన ఊరు నాకు తెలీదాన్నా?" అని ఆమె నావైపు తిరిగింది. నేను కీబోర్డు దుమ్ము తుడుస్తున్నాను.

వరుసలో ముందున్న నరసమ్మ అనే రైతు కిటికీలోంచి తొంగిచూసింది. "ఏమప్పా, రేపటికి నేల పదును ఆరిపోతాది. మీ పెట్టె నోరు తెరిసేదెప్పుడు?"

"నాగలమడిక అంటే ఒప్పుకోవడం లేదమ్మా" అన్నాను.

"దానికి తెలుగు రాదేమో! బస్సులో కన్నడం కండక్టరు నాగలమడికె అని కదా అరిసేది. అట్ల చెప్పి సూడు."

మిగిలింది ఒక్క అవకాశం. రత్నమ్మ చివర ఇంగ్లీషు 'a' తీసి 'e' పెట్టింది. తెరుచుకుంది. మధ్యాహ్నానికి నరసమ్మ విత్తనాల మూటలు బండికెక్కించుకుని పొలానికి పోయింది.

నా కోడ్‌ను నేనే అర నిమిషంలో ఛేదించానని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. ఛేదించింది నరసమ్మ. ఇంకో సంగతి కూడా ఉంది. సాఫ్ట్‌వేర్‌లో మొదటిసారి జవాబు నింపిన రోజు రత్నమ్మ నోటితో ఊరి పేరు చెబితే, కొట్టింది నేను. ఆఫీసు కాగితాలన్నీ కన్నడంలోనే కాబట్టి ఆ రాతే వేళ్లకొచ్చింది. నా చుక్కలు నా తప్పును ఆమెకు కూడా కనపడకుండా దాచాయి. తాలూకా అంతటికీ తెలిసిన రహస్యం, దాని సొంతదారుకు మాత్రం తెరుచుకోలేదు.

మర్నాడు తెర మార్చాను. ఒక మీట నొక్కితే, కొట్టేవాళ్లకు తాము కొట్టిన అక్షరాలు కనపడతాయి. జవాబు ఎవరిది వాళ్లే కొట్టాలి. రత్నమ్మకు కుర్చీ ఇచ్చి, గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

"ఇదేందన్నా, అట్ల తిరుక్కున్యావు?"

"నీ జవాబు నువ్వే కొట్టు. నేను చూడకూడదు."

వెనక కుర్చీ నావైపు జరిగిన చప్పుడైంది.

"అయితే పోయినసారి కొట్టింది నువ్వే కదన్నా."

గోడనే చూస్తూ "ఊ" అన్నాను.