పువ్వు గుర్తు అరలో గంజి

టెక్కలి నుంచి సంతబొమ్మాళి దాకా ఏ ఇంట్లో ఫ్రంట్ లోడ్ వాషింగ్ మిషన్ మొరాయించినా, నేను ముందు మిషన్ దగ్గరికి పోను, మేడెక్కి ట్యాంకు చూస్తాను. అందుకే తెలివైన మెకానిక్ అని నాకు పేరు. ఆ తెలివి నాది కాదు, మా వదినది. ఈ సంగతి చెప్పడం నేను బాగా ఆలస్యం చేశాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో కాశీబుగ్గలో ఒక షాపులో పనిచేసేవాణ్ణి. మా ఇంటి మిషన్ కూడా నేనే బిగించాను. సబ్బు డ్రాయరు లాగి మూడు అరలూ చూపించాను. ఒక గీత ఉన్నది ముందు ఉతుకుకి, రెండు గీతలది అసలు ఉతుకుకి, మధ్యలో పువ్వు గుర్తున్నది ఆఖరి జాడింపులో బట్ట మెత్తబడే మందుకి. వదిన అక్కుపల్లి బడిలో టీచరు. గంజి పెట్టని నేత చీర కట్టి ఏనాడూ బడికి వెళ్ళలేదు.

"ఆఖర్న కలిసేదే కదా బాబూ, గంజి ఇందులో పోస్తే?" అంది. నేను నవ్వేసి డ్రాయరు మూసేశాను.

రెండు వారాలకి డ్రాయరులో గంజి నిలిచిపోయి పులిసిన వాసన కొట్టింది. అమ్మ, పిన్ని చూస్తుండగా నేను డ్రాయరు పైకెత్తి, "ఏటొదినా, మిషన్‌కి కూడా అన్నం పెట్టేత్తన్నావా?" అన్నాను. పిన్ని పగలబడి నవ్వింది. అమ్మ మాత్రం మిషన్ మీద దుప్పటి కప్పేసి, "ఇంక దీన్ని ముట్టుకోకు. సేత్తో ఉతుకు" అంది. ఆ రోజు నుంచి బడి నుంచి రాగానే ఇంటిల్లిపాది బట్టలూ వదినే రాయి మీద ఉతికేది.

ఒక ఆదివారం అమ్మ ఊళ్ళో లేనప్పుడు వదిన నన్ను పిలిచింది. డ్రాయరు పూర్తిగా బయటికి తీసేసి, కింద తువ్వాలు పరిచి, మిషన్ తిప్పుతోంది.

"ఇలా వంగి సూడు. ఈ పక్క ధార ఒక అరలో పడతాది, ఆ పక్కది ఇంకో అరలో. ఆఖరి జాడింపుకి రెండూ ఒక్కసారే వత్తాయి. ఎదురెదురుగా గుద్దుకుంటే మధ్య అరలో పడతాయి. ఇప్పుడు గుద్దుకోటం లేదు కదా? ట్యాంకు నిండుగున్నప్పుడైతే గుద్దుకుంటన్నాయి."

మధ్య అరలో మూత కింద నిలువుగా ఒక చిన్న గొట్టం ఉంటుంది; నీళ్ళు దాని అంచు దాటి పైకి లేస్తేనే అది అరలో ఉన్నదంతా ఒక్క ఊపున కిందికి లాగేస్తుంది. ఆ మూతని కూడా ఊడదీసి కడిగి పెట్టుకుంది. విశాఖపట్నంలో నాకిచ్చిన మూడు రోజుల ట్రైనింగులో ఇదెవరూ చెప్పలేదు. కానీ ధార బలంగా రావాలంటే ట్యాంకు ఎత్తుగా ఉండాలని మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఉంది. నేను చదివాను కూడా. స్నానాలగది కప్పు మీదున్న ట్యాంకు చూసి చాల్లే అనుకున్నాను. సబ్బు పొడి సగం అరలోనే ముద్దకడుతున్నా నాకు తట్టలేదు. తప్పు గంజిది కాదు, నాది.

ట్యాంకుని మేడ మీద ఇటుక దిమ్మ కట్టించి ఎక్కించాను. పల్చగా వడకట్టిన గంజి చుక్క మిగలకుండా దిగిపోయింది. "కోడలు పాడుసేత్తే మావోడు బాగుసేసినాడు" అని అమ్మ వీధంతా చెప్పింది. వదిన నావైపు ఒకసారి చూసింది. నేను నోరు విప్పలేదు.

మొన్న పిన్ని తన కొత్త కోడలికి అదే కథ చెబుతోంది. వదిన పక్కనే కూర్చుని ఉంది. ఈసారి నేను ఆపి, ఉన్నదున్నట్టు చెప్పాను.

"మరి ఇన్నాళ్ళూ నీ నోట్లో గంజేటైనా పోసుకున్నావేటిరా?" అంది పిన్ని. అమ్మ తల దించుకుంది.

"నీకెలా తెలిసిందక్కా?" అని కొత్త కోడలు వదిన దగ్గరికి జరిగింది. వదిన బడిలో చెప్పినట్టే రెండు అరచేతులూ ఎదురెదురుగా పెట్టి మొదలుపెట్టింది. నేను మధ్యలో ఏదో అందించబోయాను.

"నువ్వాగు బాబూ, నాను సెప్తన్నాను కదా" అంది.

ఆగాను. అంత బాగా నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేకపోయాను.