ఇరవై అడుగులకో బెంచీ

మావయ్యని ఊరు కట్టమంటే ముందు ఒక బెంచీ వేస్తాడు. ఇరవై అడుగులు నడిచి ఇంకో బెంచీ వేస్తాడు. ఇళ్ళూ వీధులూ ఆ తర్వాతి సంగతి.

ఆ ఊరు భూమ్మీద లేదు, హాల్లో టీవీలో ఉంది. తెచ్చింది మేనకోడలు. కళ్ళజోళ్ళ షాపులో రోజంతా "ఈ అక్షరం చదవండి, ఇప్పుడు ఇది చదవండి" అని అడిగీ అడిగీ అలసిపోయి, సెలవురోజు కాస్త సేదతీరదామని కొనుక్కున్న ఆట అది. అందులో శత్రువులుండరు, తొందరుండదు, గెలుపోటములుండవు. చిన్న ఊరు, చుట్టూ నీళ్ళు. మనం ఇళ్ళు కడుతుంటే ఎలుగుబంటి, బాతు, కుందేలు లాంటివి వచ్చి కాపురం పెడతాయి. పువ్వులు నాటుకోవచ్చు, చేపలు పట్టుకోవచ్చు. ఒక ఆదివారం మధ్యాహ్నం మావయ్య "ఏదీ, ఒకసారి చూద్దాం" అని చేతిలోంచి రిమోట్ లాంటి ఆ వస్తువు తీసుకున్నాడు. మళ్ళీ ఆ పిల్లకి అది దక్కలేదు.

ముప్ఫై రెండేళ్ళు పురపాలక సంఘం రోడ్ల విభాగంలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఊరు దొరికితే వదులుతాడా?

"మావయ్యా, ఇక్కడ ఫౌంటెన్ పెట్టుకోవచ్చు. గాలిమర పెట్టుకోవచ్చు. వేలాడే వంతెన కూడా ఉంది" అని మొదట్లో మేనకోడలు ఊరించింది.

"వంతెన దాటాక కూర్చోడానికి ఏముంది?"

"వంతెన దాటాక సముద్రం ఉంది."

"అంటే ఏమీ లేదన్నమాట" అని మావయ్య ఆ చివర ఒక బెంచీ, ఈ చివర ఒక బెంచీ వేశాడు. వంతెన మాత్రం వేయలేదు.

బెంచీ ఊరికే రాదు, ఆరు కర్రముక్కలు కావాలి. ఆటలో గొడ్డలి ఉంది, చెట్లున్నాయి. కానీ మావయ్య చెట్టు మీద దెబ్బ వేయడు. "నీడనిచ్చేదాన్ని నరికి బెంచీ చేస్తే ఆ బెంచీ మీద ఎండలో కూర్చోవాలి కదమ్మా" అంటాడు. అందుకని రాలిన పుల్లలే ఏరతాడు. ఆటలో గాలివాన వచ్చిందంటే మిగతావాళ్ళు పూలమొక్కల కోసం దిగులుపడతారు, మావయ్య మాత్రం సంచీ సర్దుకుంటాడు.

బెంచీ వేశాక అసలు పని మొదలవుతుంది. దాని పక్కన తన బొమ్మని నిలబెట్టి ఎవరైనా వచ్చి కూర్చుంటారేమోనని చూస్తాడు. వచ్చేవాళ్ళకి మర్యాదకి లోటుండదు.

"ఎలుగుబంటిగారూ, రండి. మీకోసమే. అయ్యో, వెళ్ళిపోయారు. ఏదో పని మీద ఉన్నట్టున్నారు."

ఒకరోజు వంటింట్లోకి వినపడేలా కేక వేశాడు. "ఇదిగో! బాతమ్మగారు కూర్చున్నారు!"

"ఆవిడ కూర్చుంటే ఇక్కడ గిన్నెలు వాటంతటవే తోముకుంటాయా?" అంది లోపల్నుంచి అత్తయ్య.

కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే ఇంకో అమ్మాయికీ ఈ ఆట ఉంది. ఆ పిల్ల తన ఊళ్ళోంచి మావయ్య ఊరికి చుట్టపుచూపుగా వచ్చి, అరగంట తిరిగి, మర్నాడు మేనకోడల్ని అడిగింది. "మీ మావయ్యగారు కట్టింది ఊరా, బస్టాండా?"

ఈ మాట మోసుకొచ్చి చెబితే మావయ్య పొంగిపోయాడు. "బస్టాండన్నాక ముసలివాళ్ళూ కూర్చుంటారు, పసివాళ్ళూ కూర్చుంటారు. మంచి మాటన్నది ఆ పిల్ల."

ఉద్యోగంలో ఉండగా రోడ్డు పక్కన బెంచీలు వేయించాలని ఆయన ఏడుసార్లు ఫైలు పెట్టాడట. ఏడోసారి పై అధికారి ఒక వాక్యం రాసి తిప్పి పంపాడు. "బెంచీలు వేసినచో ప్రజలు కూర్చొనుదురు, కావున తిరస్కరించడమైనది." ఈ వాక్యం చెప్పేటప్పుడు మావయ్యకి కోపం రాదు, నవ్వే వస్తుంది. "ఆయన తప్పేం రాయలేదమ్మా. వేస్తే కూర్చుంటారు మరి!"

పై అధికారులు ఆటలోనూ ఉన్నారు. ఊరి ఆఫీసులో కళ్ళజోడు పెట్టుకున్న గుడ్లగూబ ఒకటి ఉంటుంది. ఊరు బాగుంటే నక్షత్రాలిస్తుంది, బాగాలేకపోతే తీసేస్తుంది. మావయ్య బెంచీలు అరవై ఒకటి అయిన రోజున మూడు నక్షత్రాలు రెండయ్యాయి. ఒకే రకం సామాను ఎక్కువైందనీ, దారులు ఇరుకైపోయాయనీ గుడ్లగూబ తేల్చింది.

మావయ్య లేచి లోపలికెళ్ళి చొక్కా తొడుక్కుని వచ్చాడు.

"ఎక్కడికి మావయ్యా?"

"ఎక్కడికీ లేదు. మెమో వచ్చిందిగా. బనీనుతో చదువుతామా?"

చదివి, తెల్లకాగితం తీసి, "ఆర్యా" అని మొదలుపెట్టి రెండు పేజీల సంజాయిషీ రాశాడు. నడిచేవారికి నడకెంత అవసరమో ఆగడమూ అంతే అవసరమని అందులో సారాంశం. కింద సంతకం పెట్టి, దీన్ని ఏ బటన్ నొక్కి సమర్పించాలని అడిగాడు.

"సమర్పించడానికి లేదు మావయ్యా. అది బొమ్మ."

"బొమ్మైతే మాత్రం? పై అధికారేగా!" అని కాగితం మడిచి టీవీ కింద పెట్టాడు.

ఇలా నవ్వులతో సాగే ఆ ఇంట్లో నవ్వకుండా ఉన్నది అత్తయ్య ఒక్కతే. కిందటి వానాకాలం ఆమె రోడ్డు మలుపులో జారిపడింది. మోకాలు దెబ్బతిని, దేవుడి దయవల్ల నయమైంది. నడవమని డాక్టరు చెప్పాడు. ఇంట్లో ఆమె నడుస్తూనే ఉంది, వంటింటి నుంచి హాలుకి, హాలు నుంచి బాల్కనీకి. గేటు దాటడం మాత్రం లేదు.

ఆ రోడ్డు చివర పసుపు తలుపు గదిలో ఆమె పదేళ్ళుగా కుట్టు నేర్పేది. పదకొండు మంది ఆడవాళ్ళు నేర్చుకునేవారు. ఆమె పడిన దగ్గర్నుంచీ మిషన్ల మీద గుడ్డలు కప్పి ఉన్నాయి. కుట్టు కేంద్రం చూసే పెద్దావిడ ఫోన్ చేసింది.

"ఒకటో తారీఖుకి మీరు రాలేకపోతే ఆ గది వేరేవాళ్ళకి ఇచ్చేస్తారటమ్మా. వేరే టీచరు దొరకడం లేదు. ఏం చెయ్యమంటారు?"

"ఇచ్చేయమనండి" అంది అత్తయ్య. ఆ సాయంత్రం ఒకే గ్లాసుని మూడుసార్లు కడిగింది.

"ఆటోలో దింపుతాను అత్తయ్యా" అంది మేనకోడలు.

"ఈ కాస్త దూరానికి ఆటోనా? ఇవాళ ఆటో, రేపు ఇంకెవరి భుజమో. నా కాళ్ళతో నేను వెళ్ళాలి, లేకపోతే వద్దు. మధ్యలో మోకాలు మొరాయించిందనుకో, ఎక్కడ కూర్చోను? నడిరోడ్డు మీద చతికిలబడనా?"

మర్నాడు మధ్యాహ్నం మావయ్య రెండో రిమోటు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"నాకెందుకండీ ఈ పిల్లాటలు?"

"ఏం లేదు, ఈ బొమ్మ నువ్వు. ఇది నీ ఇల్లు. అదిగో, ఆ చివర పసుపు తలుపు ఇల్లు ఉందే, అక్కడ కుందేలుగారున్నారు. ఒకసారి పలకరించిరా."

"దీనికి కాళ్ళ నొప్పులుండవా?"

"ఉంటే కూర్చుంటుంది. అందుకేగా వేశాను!"

మొదటిరోజు అత్తయ్య బొమ్మ ఆ దారిలోని పద్నాలుగు బెంచీల్లో పద్నాలుగింటి మీదా కూర్చుంది. కుందేలు ఇంటికి చేరేసరికి ఆటలో పొద్దుగుంకింది. వారం తిరిగేసరికి ఒకటి విడిచి ఒకటి కూర్చోసాగింది. దారి ఆమెకి కంఠతా వచ్చేసింది. "ఎలుగుబంటి దగ్గర ఎడమకి తిరగాలి, ఆ తర్వాత బాతు, ఆ పక్కన నక్క" అని తనలో తను అనుకునేది. మేనకోడలు మాత్రం వీళ్ళిద్దరికీ ముసలితనంలో మంచి కాలక్షేపం దొరికిందనుకుంది.

అనుకుని ఊరుకుంటే బాగుండేది. ఒక ఆదివారం పొద్దున, మావయ్య వాకింగుకి వెళ్ళిన సమయంలో, ఆయన పోగొట్టుకున్న నక్షత్రం తిరిగి తెప్పించాలని ఆ పిల్లకి బుద్ధి పుట్టింది. పసుపు తలుపు దారిలోనే కదా బెంచీలు మరీ దగ్గర దగ్గరగా ఉన్నాయి! అందులోంచి నాలుగు తీసేసింది. నక్షత్రం టక్కున వచ్చింది.

మధ్యాహ్నం అత్తయ్య బొమ్మ మలుపు తిరిగి ఆగిపోయింది.

"ఇక్కడ బెంచీ ఉండాలే?"

"నేనే తీశాను అత్తయ్యా, చూడు, మూడో నక్షత్రం..."

అత్తయ్య రిమోటు పక్కన పెట్టేసింది. "అంతేలే. ఉన్నాయి కదా అని నమ్ముకుని బయల్దేరతామా, మధ్యలో ఉండవు" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మావయ్య మేనకోడల్ని ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే ఆ పిల్లకి కాస్త తేలిగ్గా ఉండేది. ఒకటో తారీఖుకి ఇంకా నాలుగు రోజులుంది.

మర్నాడు షాపు నుంచి వస్తుంటే మేనకోడలి స్కూటీ పంక్చరైంది. రోడ్డు మలుపులో ఉన్న పంక్చరు షాపు దాకా నెట్టుకొచ్చి, ఆయాసంతో అటూ ఇటూ చూసింది. రెండు పాత టైర్లు ఒకదాని మీద ఒకటి పెట్టి, పైన చెక్క బిగించి, దాని మీద గోనె పరిచి ఉంది.

"కూర్చో అమ్మా, కూర్చోడానికే వేసింది. ఇన్‌స్పెక్టరు సారు ఆర్డరు" అన్నాడు పంక్చరతను.

"ఏ ఇన్‌స్పెక్టరు?"

"మీ మావయ్యగారే! రోజూ పొద్దున్నే వచ్చేవారు. మనిషి నడుస్తూ నడుస్తూ అలిసిపోతే నీ షాపు ముందు కూర్చోవచ్చా అని అడిగేవారు. కూర్చోండి సార్ అన్నాను. నాకు కాదయ్యా, దేని మీద కూర్చోవాలో చూపించు అన్నారు. వారం రోజులు వదిలితే ఒట్టు. ఇదిగో, మ్యాపు కూడా ఇచ్చారు."

చమురు మరకల కాగితం విప్పి చూపించాడు. మావయ్య చేతి గీత. వాళ్ళ గేటు, ఈ మలుపు, చివర పసుపు తలుపు. మధ్యలో ఇరవై అడుగులకొకటి చొప్పున పద్నాలుగు చుక్కలు. మలుపు దగ్గర చుక్క పక్కన చిన్న ఎలుగుబంటి బొమ్మ.

"అది నేనేనట. మా ఆవిడ చూసి, ఇన్నాళ్ళకి ఒకరు సరిగ్గా వేశారంది" అని అతను గడ్డం నిమురుకున్నాడు.

స్కూటీ అక్కడే వదిలి మేనకోడలు ఆ రోడ్డంతా నడిచింది. ఇన్నాళ్ళూ బండి మీద దూసుకుపోతూ ఒక్కటీ చూడలేదు. జిరాక్సు కొట్టు ముందు కాగితాల పెట్టె మీద మడిచిన దుప్పటి ఉంది. మందుల షాపు ముందు చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ. సెలూన్ ముందు తల వెనక్కి వాల్చుకునే పాత కుర్చీ, అందులో ఎవరో పెద్దాయన హాయిగా నిద్రపోతున్నాడు. ఇస్త్రీ బండి పక్కన బోర్లించిన చెక్కపెట్టె మీద "సార్ చెప్పారు, బట్టలు పెట్టరాదు" అని సుద్దతో రాసి ఉంది. ఏ ప్రభుత్వమూ వేయలేదు వాటిని, ఏ ఫైలులోనూ లేవు. ఒక్కొక్కరూ ఇంట్లోంచి తెచ్చిపెట్టినవే. భగవంతుడు మనుషుల్లో పెట్టిన మంచితనం ఎక్కడికీ పోదు. ఎవరైనా వచ్చి అడిగేదాకా కాస్త మొహమాటపడుతూ ఉంటుంది, అంతే.

ఇంటికొచ్చి మావయ్య పక్కన కూర్చుని గుసగుసగా అడిగింది. "అత్తయ్యకి చెప్పలేదేం?"

"చెబితే వెళ్ళదమ్మా. నాకోసం అందరినీ దేబిరించారా అంటుంది. నీకోసమే అని చెప్పి వేస్తే అది కుర్చీ అవదు, చేతికర్ర అవుతుంది. దారిలో ఉంటే చాలు. ఉన్నాయని తనకే కనబడాలి."

ఆ పిల్ల రిమోటు తీసుకుంది. నాలుగు బెంచీలకి ఇరవై నాలుగు కర్రముక్కలు. గొడ్డలి ముట్టుకోలేదు, అన్నీ రాలినవే ఏరింది. మూడో నక్షత్రం మళ్ళీ పోయింది. "పోనీలే, మెమోలు మనకి అలవాటేగా" అన్నాడు మావయ్య.

ఒకటో తారీఖు పొద్దున అత్తయ్య టీ తాగుతూ ఉన్నట్టుండి రిమోటు తీసింది. బొమ్మ ఇంట్లోంచి బయల్దేరింది. తీసేసిన చోట బెంచీలు మళ్ళీ కనబడ్డాయి. ఆమె మేనకోడలి వైపు ఒకసారి చూసింది. బొమ్మ ఎక్కడా ఆగకుండా పసుపు తలుపు దాకా వెళ్ళింది.

అత్తయ్య కొలత టేపు మెళ్ళో వేసుకుని, కత్తెర సంచీలో పెట్టుకుని, చెప్పులు తొడుక్కుంది.

"ఏమండీ, గేటు దాకా వెళ్ళొస్తా."

గేటు దాటింది. ఇరవై అడుగుల్లో దుప్పటి పరిచిన పెట్టె కనబడింది. చూసింది, దాటింది. ఇంకో ఇరవై అడుగుల్లో ప్లాస్టిక్ కుర్చీ. మందుల షాపాయన "కూర్చోండమ్మా" అన్నాడు. "వచ్చేటప్పుడు కూర్చుంటాలే నాయనా" అంది. మలుపు దగ్గర, కిందటేడు జారిపడిన చోట, గోనె పరిచిన టైర్ల మీద చెయ్యి ఆనించి రెండు క్షణాలు నిలబడింది. కూర్చోలేదు. చెయ్యి తీసి ఎడమకి తిరిగింది.

వెనకాల మేనకోడలూ మావయ్యా నడుస్తున్నారు. పది అడుగుల వెనకగా మొదలైన మావయ్య ఇరవై అడుగుల వెనకపడ్డాడు, తర్వాత నలభై. వారాల తరబడి పొద్దున్నే షాపు షాపుకీ తిరిగిన అలుపంతా ఇప్పుడే తెలిసొచ్చినట్టుంది.

పసుపు తలుపు దగ్గర పదకొండు మందీ బయటే నిలబడి ఉన్నారు. అత్తయ్య గడప మీద కాలు పెట్టి వెనక్కి తిరిగి చూసింది. దూరంగా సెలూన్ ముందు, తల వెనక్కి వాల్చే కుర్చీలో, ఆకాశంకేసి చూస్తూ మావయ్య ఉన్నాడు. అంతకు ముందువి కూడా ఆయన ఒక్కటీ వదలకుండా కూర్చుంటూ వచ్చాడు.

"ఏమండీ! అక్కడేం చేస్తున్నారు?" అని అక్కణ్ణుంచే కేకేసింది అత్తయ్య.

"నువ్వు పద!" అన్నాడు మావయ్య, ఆయాసపడుతూనే గొంతు సవరించుకుని. "నేను తనిఖీ చేస్తున్నాను!"