ఖానాలో ఖ

మా వదినకు ఖ పలకడం వచ్చేది కాదు. రాయమంటే తప్పు లేకుండా రాసేది. నోటికొచ్చేసరికి అది కాస్తా క అయిపోయేది. మా వైపు అందరం అంతే, ఖర్చును కర్చు అనే అంటాం.

యాభైల చివర్లో అన్నయ్యకు క్షయ సోకి ఆస్పత్రిలో చేర్చారు. పర్చూరు దగ్గర ఒక బళ్ళో హిందీ టీచరు పని ఖాళీగా ఉంది. హిందీ పరీక్ష ప్యాసయితే వదినకే ఇస్తామన్నారు. తోడుగా నేనూ ఆ పరీక్షకే చదివాను.

మాకు చెప్పే మాస్టారు పెదవుల ముందు దూదిపింజ పట్టుకునేవారు.

"ఖ అంటే ఇది కదలాలమ్మా. క అంటే కదలకూడదు. ఖానా అంటే అన్నం. కానా అంటే ఒంటికంటివాడు. జాగ్రత్త."

వదిన ఎంత గట్టిగా అన్నా గొంతు పెరిగేదే గాని పింజ కదిలేది కాదు.

చీరాలలో మౌఖిక పరీక్ష. వరండాలో కూర్చుని ఉండగా పరీక్షాధికారి జట్కా దిగి లోపలికి వెళ్ళారు. వదిన నా చెయ్యి పట్టుకుంది.

"చూశావా? ఆయనకి ఒక కన్ను లేదే."

"ఆ మాట రాకపోవచ్చులే వదినా."

"వస్తే?"

ఇద్దరినీ కలిపే పిలిచారు. వదిన ముందు పుస్తకం తెరిచి పెట్టారు. రోగికి వేళకు అన్నం పెట్టడం గురించిన పాఠం. వదిన ఆ మాట దగ్గర ఆగింది. ఊపిరి పీల్చుకుని చదివింది. కానా అనే వచ్చింది.

ఆయన తలెత్తి చూశారు. మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ కానాయే. వదిన పుస్తకం మూసి లేచి నిలబడింది. తనకు వచ్చిన హిందీలోనే చెప్పింది.

"అయ్యా, నేను మిమ్మల్ని అనడం లేదు. నాకు నోరు తిరగడం లేదు. మా ఆయన ఆస్పత్రిలో ఉన్నారు. ఈ ఉద్యోగం నాకు కావాలి."

ఆయన పుస్తకం పక్కకు జరిపారు. తర్వాత హిందీలోనే అన్నారు.

"కన్ను ఒకటే గాని చెవులు రెండూ బాగానే ఉన్నాయమ్మా. నువ్వు చెప్పిందంతా నాకు అర్థమైంది. కూర్చో."

ఆ పైన అన్నయ్య జబ్బు గురించి, పిల్లల గురించి అడుగుతూ పోయారు. వదిన తడుముకోకుండా జవాబులు చెప్పింది.

నా వంతు వచ్చేసరికి భయంతో ప్రతి క కీ ఒత్తు పెట్టేశాను. కలం కూడా ఖలం అయింది. వదిన ప్యాసయింది. నేను తప్పాను.

అన్నయ్య ఆస్పత్రి నుంచి వచ్చిన పూట వదిన బళ్ళోనే ఉంది. సాయంత్రం ఆమె బస్సు దిగేదాకా అతను వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.