వంతు రాని చేను

2006 సార్వా, అంటే తొలకరి వరి పంట కాలం. ఏలూరుకి దిగువన, కొల్లేరుని ఆనుకుని ఉన్న ఒక మండలంలో నేను గణాంక శాఖలో పనిచేసేవాణ్ని. టేపు, తాడు, కర్ర మేకులు మోపెడ్‌కి కట్టుకుని చేల గట్ల మీద తిరగడమే నా పని. శాంపిలింగ్ మీదా, సంభావ్యత మీదా సరదాగా రాసిన పుస్తకాలు నేనూ చాలా చదివాను. నాణేలు, పాచికలు, రంగు గోళీలు. ఒక్కదాంట్లోనూ బురద ఉండదు, అదే నా ఫిర్యాదు. అలాంటి పుస్తకాలు ఇష్టపడేవాళ్ల కోసమే ఏసుపాదం గారి సంగతి రాస్తున్నాను.

ముందు మా పని గురించి కొంచెం చెప్పాలి. మండలంలో వరి ఎంత పండిందో తెలియాలంటే ప్రతి చేనూ కోసి తూచలేం. అందుకని సీజన్ మొదట్లోనే ర్యాండమ్ నంబర్ టేబుల్, అంటే ఏ వరసా లేకుండా అంకెలు అచ్చేసిన పట్టిక, చూసి కొన్ని సర్వే నంబర్లు ఎంచుతాం. కోతలప్పుడు ఆ చేలల్లోనే అటు ఐదు, ఇటు ఐదు మీటర్ల ముక్క కొలిచి, కోయించి, నూర్పించి తూస్తాం. దీన్ని క్రాప్ కటింగ్ అంటారు. వాటి సగటే మండలం దిగుబడి. అప్పట్లో మా దగ్గర పంట బీమా కూడా ఆ సగటు మీదే నడిచేది. మండలం మొత్తానికి దిగుబడి పడిపోతే అందరికీ వస్తుంది, లేకపోతే ఎవరికీ రాదు.

ఆ ఏడాది కోతల ముందు తుఫాను పట్టుకుంది. కొల్లేరు ఎగదన్ని పల్లపు చేలన్నీ మునిగాయి. మెరక చేలకి పెద్దగా ఏమీ కాలేదు. ఏసుపాదం గారి రెండెకరాలూ పల్లంలోవే. చుట్టుపక్కలవాళ్లు ఒక్కొక్కరే చేపల చెరువులకి లీజుకిచ్చేస్తుంటే, వరి తప్ప ఇంకోటి వెయ్యనని పట్టుబట్టి కూర్చున్న మనిషి ఆయన. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది ఆయనే. అచ్చులో ఏది కనిపించినా వదిలేవారు కాదు.

ఆ ఊళ్లో పట్టిక ప్రకారం మాకు తగిలిన రెండు చేలూ మెరకవే. రెండోదాంట్లో నేను టేపు పరుస్తుంటే ఆయన వచ్చి, తన చేను ఎందుకు చూడరని నెమ్మదిగా అడిగారు. ప్రతి చేనికీ సమానమైన అవకాశం ఉంటుందనీ, వారిదీ అందులో ఉందనీ, కాకపోతే తగల్లేదనీ చెప్పాను. ఆయన మొహం తేటపడింది. మామూలు పాఠకుల కోసం తెలుగులో రాసిన గణాంక శాస్త్రం పుస్తకం ఒకటి నా సంచిలో ఉంటే, అడిగి పట్టుకెళ్లారు.

ఆ మొహం ఎందుకు తేటపడిందో కొన్నాళ్లకి గాని నాకు తెలియలేదు. అందరూ కుళ్లిన పంట దున్నేసి రెండో పంటకి, దాళ్వాకి, నారు పోసుకుంటున్నారు. ఆయన చేను మాత్రం నల్లగా అలాగే పడుంది. గట్టు మీద ఆయన భార్య సువార్తమ్మ గారు నన్ను ఆపారు.

"మీరైనా చెప్పండి బాబూ. మీరొచ్చి చూస్తారని దున్ననివ్వట్లేదండీ."

డెల్టాలో కాలవ నీళ్లు వంతుల మీద వదులుతారు. ఒక రోజు ఎగువకి, ఒక రోజు దిగువకి. సమానం అంటే, ఆలస్యమైనా మన వంతు వచ్చి తీరుతుందనే ఇక్కడి అర్థం. ఏసుపాదం గారు పుట్టినప్పటి నుంచీ చూసింది అదే. మెరకకి రెండుసార్లు తగిలింది గనక ఇక పల్లం వంతేనని ఆయన లెక్క. పట్టికలో అంకెలకి వంతులుండవని, ఎవరికి తగిలిందో వాటికి గుర్తుండదని ఆయనకి చెప్పాను. ఊరికి రెండే చేలు, అవి అయిపోయాయి, నారు పోసుకోండని బతిమాలాను.

"దున్నేస్తే ఇంక చూపించడానికేముంటుందండీ?" అన్నారాయన.

నారు అదను దాటిపోయింది. మండలం సగటు బాగానే వచ్చింది కాబట్టి బీమా ఎవరికీ రాలేదు. ఒక మధ్యాహ్నం ఆయన పుస్తకం తిరిగిచ్చేయడానికి ఆఫీసుకి వచ్చారు.

"మొత్తం చదివానండీ. మీ లెక్కలో తప్పేం లేదండీ. మండలం పండిందండీ. మేమే పండలేదు."

నాలుగు తిట్టినా నాకు తేలిగ్గా ఉండేది. టీ తాగమన్నా కూర్చోలేదు. సార్వా పోయి, దాళ్వా వెయ్యక, ఆ వేసవిలో ఆయన రెండెకరాలూ చెరువుకి లీజుకిచ్చేశారు. ఆ చెరువుకే కాపలాకి కుదిరారు.

తరవాత ఇంకో సార్వాలో, ఆ ఊరికి తగిలిన నంబర్లలో ఒకటి ఆయనది. రికార్డుల్లో అది ఇంకా వరి చేనే. అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవని తెలిసినా వెళ్లి చూసి రావాలి, నిబంధన అది. ఆయన గట్టు మీద మేత బస్తాల పక్కన కూర్చుని ఉన్నారు. నా చేతిలో టేపు చూసి లేచారు.

"మాది వచ్చిందాండీ?"

అవునన్నాను. ఆయన టేపు కొస అందుకుని నీళ్ల అంచు దాకా నడిచారు.

"ఎక్కడి నుంచి కొలుద్దామండీ?"

వరి లేదని రాసుకుని, నిబంధన ప్రకారం తరవాతి నంబరుకి వెళ్లిపోయాను. దారిలో మోపెడ్ ఆపి ఏడ్చాను.

శాంపిలింగ్ మీద నాకు నమ్మకం పోలేదు. ఆ ఏడాది మండలం సగటు సరైనదే. అయితే అప్పటి నుంచీ రిటైరయ్యేదాకా, పంట పోయిన ఊళ్లో తగిలిన చేని కన్నా ముందే, తగలని చేలకి వెళ్లేవాణ్ని. సమానమైన అవకాశం అన్న మాట ఎత్తేవాణ్ని కాదు. "మీ చేనికి మేం రామండీ. ఈ రోజే దున్నేసుకోండి," అనేవాణ్ని. వాళ్ల మొహాలు చూస్తూ ఆ మాట అనడానికి ఒక్కసారి కూడా సులువుగా నోరు రాలేదు. అయినా అనేవాణ్ని.